సీమోను పేరిట రాత్రి ఆశ్రయము: ఐర్లాండు సైమన్ కమ్యూనిటీ చరిత్రపై ఒక పరిశీలన

సంఘ చరిత్రలో ఆతిథ్య పరిచర్యను గూర్చి వ్రాసేవారు సాధారణముగా నాలుగవ శతాబ్దములో కైసరయ బిషప్పు బాసిలు కట్టించిన ఆశ్రయముతో మొదలుపెడతారు. మధ్యయుగపు మఠముల మీదుగా నడచి విలియం బూత్ గారి సాల్వేషన్ ఆర్మీ దాకా వచ్చి ఆగుతారు. ఈ వ్యాసములో మేము అంత దూరము నుండి బయలుదేరడము లేదు. 1969లో డబ్లిన్ నగరములో కొందరు కళాశాల విద్యార్థులు రోడ్డు ప్రక్కన పడుకొనేవారికి సూపు, రొట్టె పంచిపెట్టారు. ఆ పని రాత్రి ఆశ్రయములుగా ఎదిగి, పద్నాలుగేండ్లకు ఐర్లాండు పార్లమెంటు గడప ఎక్కింది. ఆ సైమన్ కమ్యూనిటీ చరిత్రను మాత్రమే ఇక్కడ పరిశీలిస్తున్నాము.

దీనిని ఎంచుకోవడానికి ముఖ్య కారణము ఆ సంస్థ పెట్టుకొన్న పేరే. అది కురేనీయుడైన సీమోను పేరు. స్వచ్ఛంద సేవకులు నడిపిన సంస్థకు, తన ఇష్టముతో ఏమీ చేయని మనిషి పేరు పెట్టారు. పొలము నుండి వస్తున్నవానిని సైనికులు పట్టుకొని సిలువ మోయించారు. అతనిని అడిగినవారు లేరు. పేరు పెట్టినవారు ఈ సంగతిని ఎంతవరకు ఆలోచించారో గాని, ఆ సంస్థ చరిత్రను చదువుతున్నకొద్దీ ఇష్టపూర్వకమైన సేవకు, తప్పనిసరి బాధ్యతకు మధ్యనున్న తేడాయే అడుగడుగునా ఎదురవుతుంది.

వెట్టి అనే మాట

మత్తయి 27:32, మార్కు 15:21 వచనములలో సీమోనును గూర్చి వాడిన గ్రీకు క్రియ అంగరెవో. క్రొత్త నిబంధనలో ఇది మూడే చోట్ల కనిపిస్తుంది. మూడవది కొండమీది ప్రసంగములో, ఒక మైలు రమ్మని బలవంతము చేసేవాని గూర్చిన మాటలో (మత్తయి 5:41). పారసీక సామ్రాజ్యములో రాజు వార్తాహరుల కొరకు దారిలో కనబడిన మనిషినీ పశువునూ పట్టుకొని పని చేయించుకొనే పద్ధతి నుండి ఈ మాట పుట్టింది. రోమా సైనికులకు అదే పద్ధతి సంక్రమించింది. మన తెలుగు బైబిలులో దీనిని బలవంతము చేయుట అని అనువదించారు. అర్థము సరియైనదే. అయితే మన పల్లెలలో దీనికి ఇంతకంటె దగ్గరి మాట ఒకటి ఉన్నది: వెట్టి. తెలంగాణ గ్రామములలో దొర బండి వెంట పరుగెత్తినవారు, అధికారుల మూటలు పొరుగూరి దాకా మోసినవారు చేసినది ఇదే. 1946 నుండి 1951 వరకు జరిగిన సాయుధ పోరాటానికి దారితీసిన కారణములలో వెట్టి ముఖ్యమైనది. నేడు మన సంఘములలో కూర్చొంటున్న అనేకుల తాతలు వెట్టి చేసినవారే కనుక, సీమోను భుజము మీద పడిన బరువు ఏమిటో వారికి వ్యాఖ్యాన గ్రంథములు చెప్పనక్కరలేదు.

యోహాను సువార్తలో సీమోను లేడు. అక్కడ యేసు తన సిలువను తానే మోసికొని వెళ్లాడు (19:17). ఈ తేడాను గూర్చి పండితులు చాలా వ్రాశారు గాని మనకు ప్రస్తుతము అది అవసరము లేదు.

పడకకు వెల

సైమన్ కమ్యూనిటీ చేసిన పనిలో క్రొత్తదనమేమిటో తెలియాలంటే, అంతకు ముందు ఇల్లు లేనివానికి ఒక రాత్రి పడక ఏ ధరకు దొరికేదో చూడాలి. పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లాండులో వర్క్‌హౌసులకు అనుబంధముగా దేశదిమ్మరుల కొరకు ప్రత్యేకమైన గదులు ఉండేవి. అక్కడ రాత్రి పడుకొన్నవాడు మరునాడు రాళ్లు కొట్టాలి, లేదా పాత తాళ్లను పీచు పీచుగా విడదీయాలి. పని ముగిసేదాకా బయటకు పోనిచ్చేవారు కారు. ఇదొక విధమైన వెట్టియే. పడక హాయిగా ఉంటే సోమరులు ఎగబడతారన్న భయము ఆ ఏర్పాటు వెనుక ఉండేది. కష్టపెట్టడమే దాని ఉద్దేశము.

బూత్ గారు 1888లో తూర్పు లండనులోని లైమ్‌హౌస్‌లో తెరిచిన ఆశ్రయములో నాలుగు పెన్నీలకు రాత్రి భోజనము, పడక, ఉదయపు ఫలహారము దొరికేవి. భోజనమైన తరువాత సువార్త కూటము ఉండేది. వర్క్‌హౌసుతో పోల్చితే ఇది ఎంతో దయగల ఏర్పాటు, దానిని తక్కువ చేయడము మా ఉద్దేశము కాదు. అయినను అలసిన మనిషి పడుకొనేముందు ప్రసంగము వినవలసి వచ్చినప్పుడు, ఆ వినడము కూడా పడక వెలలో భాగమవుతుందా అన్నది సంఘము వేసికొనవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఐర్లాండులో మరీ పదును ఎక్కువ. 1845లో మొదలైన మహా కరవులో అక్కడ సుమారు 10 లక్షల మంది చనిపోయారు. ఆ దినములలో కొందరు ప్రొటెస్టెంటు మిషనరీలు మతము మారినవారికే సూపు పోశారన్న ఆరోపణ నేటికీ సమసిపోలేదు. "సూపు పుచ్చుకొన్నవాడు" అనేది ఆ దేశములో తరతరాలుగా తిట్టు మాట. నిజానికి అలా చేసినవారు కొందరే. జ్వరపీడితులకు సేవ చేస్తూ తామే జ్వరానికి బలైన ఆంగ్లికను పాదిరులు ఉన్నారు. క్వేకర్లు ఏ షరతూ లేకుండా సూపు కేంద్రములు నడిపారు, వారి పేరు అక్కడ ఇప్పటికీ గౌరవముతో తలచుకొంటారు. అయితే జనుల జ్ఞాపకములో నిలిచినది మాత్రము ఆ కొందరు చేసిన పనే.

ఇది చదువుతున్నప్పుడు మనకు ఒంగోలు గుర్తుకు రాక మానదు. 1876-78 కరవులో అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకపు పనిని గుత్తకు తీసుకొని వేలమంది కూలికీ కూడుకీ ఆధారము చూపారు. ఆ కాలములో బాప్తిస్మము అడిగినవారికి ఆయన ఇవ్వలేదు. కూటి కొరకు వచ్చారన్న మాట రాకూడదని కరవు సాయము ముగిసేదాకా ఆగారు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులోనే 2,222 మందికి బాప్తిస్మము జరిగింది. ఆగడము వలన అనుమానమంతా తొలగిపోయిందని మేము అనలేము. అన్నము పెట్టిన చేతిని ఆకలి అంత త్వరగా మరచిపోదు. అయినను సాయానికీ సంఘ ప్రవేశానికీ మధ్య ఒక గీత ఉండాలని గుర్తించి, దాని కొరకు నెలల తరబడి వేచియుండిన సేవకుడు మన నేలమీదనే ఉన్నాడు.

బో స్ట్రీట్ కోర్టు నుండి

సైమన్ కమ్యూనిటీని 1963లో లండనులో స్థాపించినవాడు ఆంటన్ వాలిచ్-క్లిఫర్డ్. ఆయన బోధకుడు కాడు, బో స్ట్రీట్ మేజిస్ట్రేటు కోర్టులో ప్రొబేషన్ అధికారి. శిక్షకు బదులు మంచి నడవడి షరతు మీద విడిచిపెట్టినవారిని కనిపెట్టుకొని ఉండడము ఆయన ఉద్యోగము. కోర్టు బోనులో నిలబడేవారిలో అవే ముఖములు మరల మరల కనబడేవి. త్రాగి పడిపోయినవాడు, తలుపు మూల పడుకొన్నవాడు, కొద్ది దినముల శిక్ష ముగించుకొని బయటకు వచ్చి అదే తలుపు మూలకు చేరినవాడు. చిరునామాయే లేని మనిషిని ఏ ఇంటికి వెళ్లి పరామర్శించాలి? 1974లో ఆయన వ్రాసిన గ్రంథానికి పెట్టిన పేరు "నో ఫిక్స్‌డ్ అబోడ్", అంటే స్థిర నివాసము లేదు అని. కోర్టు కాగితములలో అటువంటివారి పేరు ప్రక్కన వ్రాసే మాట అది.

అమెరికాలో 1933 నుండి డొరతి డే, పీటర్ మౌరిన్ నడిపిన కేథలిక్ వర్కర్ ఉద్యమములోని ఆతిథ్య గృహముల ప్రభావము ఆయనమీద ఉన్నది. సేవకులు నిరాశ్రయులతో ఒకే కప్పు క్రింద ఉండాలి, ఒకే కుండలోనిది తినాలి. జీతము లేదు, చేతిఖర్చు మాత్రమే. ఇంటి వ్యవహారములు అందరూ కలిసి కూర్చొని మాట్లాడుకోవాలి. మనిషిని ఉన్నవానిని ఉన్నట్లు చేర్చుకోవాలి. మిగతా ఆశ్రయములు త్రాగినవాడని, గొడవపడతాడని, మురికిగా ఉన్నాడని తిప్పి పంపినవారి కొరకే ఈ తలుపు తెరిచారు.

ఇక్కడ మన పాఠకులలో కొందరు అభ్యంతరము చెప్పవచ్చు. మార్పు కోరని ఆదరణ మనిషిని అతని పాపములోనే విడిచిపెట్టదా? ఇది న్యాయమైన ప్రశ్నయే. అయితే ఆ బోనులో నిలిచినవారందరికీ మారుమని చెప్పేవారు అప్పటికే చాలామంది ఉన్నారు: మేజిస్ట్రేటు, జైలు అధికారి, వైద్యుడు, పాదిరి. లేనిది మారడానికి నిలువ నీడ. సైమన్ సేవకులు మార్పును వద్దనలేదు. పడకకు దానిని వెలగా పెట్టలేదు, అంతే. మారిన తరువాతనే లోపలికి రమ్మంటే ఆ పడక మొదటే మారగలిగినవారికి మాత్రమే దొరుకుతుంది.

బ్రిటనులో ఈ ఉద్యమము ఎక్కువ కాలము ఒకటిగా నిలువలేదు. 1970లో సిరీనియన్స్ అనే పేరుతో ఒక శాఖ వేరుపడింది. అంటే కురేనీయులు. ఒకరు సీమోనును తీసుకొంటే మరియొకరు అదే వచనములో మిగిలిన మాటను తీసుకొన్నారు. సంఘ చీలికలు ఎరిగిన మనకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

డబ్లిన్, కార్క్

ఐర్లాండులో స్వచ్ఛంద సేవకులు నడిపే ఆశ్రయములు అంతకు ముందు లేకపోలేదు. ఫ్రాంక్ డఫ్ అనే ప్రభుత్వోద్యోగి స్థాపించిన లీజియన్ ఆఫ్ మేరీ అనే కేథలిక్ సామాన్య విశ్వాసుల సంస్థ 1927లో పురుషుల కొరకు మార్నింగ్ స్టార్, 1930లో స్త్రీల కొరకు రెజైనా చీలి అనే వసతి గృహములను డబ్లిన్‌లో తెరిచింది. అవి ఉన్నది పాత వర్క్‌హౌసు భవనములలోనే. ఒకప్పుడు పేదవానిని శిక్షించిన గోడలు అతనికి ఆశ్రయమయ్యాయి. పెండ్లి కాని తల్లులను బిడ్డల నుండి వేరుచేయడము ఆచారముగా ఉన్న ఆ దినములలో, రెజైనా చీలిలో తల్లీబిడ్డలు కలిసి ఉండే వీలు కల్పించారు. సైమన్ విద్యార్థులు ఖాళీ నేలమీద కట్టలేదని చెప్పడానికే ఈ మాట వ్రాస్తున్నాము.

1969లో వాలిచ్-క్లిఫర్డ్ డబ్లిన్ వచ్చి మాట్లాడిన తరువాత ట్రినిటీ కాలేజి, యూనివర్సిటీ కాలేజి విద్యార్థులు కొందరు రాత్రివేళ సూపుతో వీధులలోకి వెళ్లడము మొదలుపెట్టారు. ఈ రెండు కళాశాలల పేర్లు ప్రక్క ప్రక్కన చదివినప్పుడు చరిత్ర విద్యార్థి ఒక క్షణము ఆగాలి. ట్రినిటీ ప్రొటెస్టెంటు పునాదిగల విద్యాలయము. ప్రత్యేక అనుమతి లేకుండా కేథలిక్కులు అక్కడ చదువరాదన్న బిషప్పుల నిషేధము 1970 దాకా తొలగలేదు. నిషేధము ఇంకా అమలులో ఉండగానే రెండు కాలేజీల పిల్లలు కలిసి ఒకే సూపు మోశారు. సభల వేదికలమీద జరగని ఐక్యత వీధి మూలలో జరిగింది. అదీ సూపుతో, ఏ దేశములో సూపు ఒక తిట్టు మాటయో ఆ దేశములో. ఈసారి పోసినవారు ఎవరి మతము ఏదని అడగలేదు.

సూపు ఒక నెపము మాత్రమేనని ఆ పనిలో ఉన్నవారు మొదటినుండి చెప్పేవారు. కప్పు చేతిలో ఉన్నంతసేపు మనిషి నిలబడతాడు, నిలబడితే మాట కలుస్తుంది, మాట కలిస్తే పేరు తెలుస్తుంది. రేపు అదే చోట అతడు కనబడకపోతే వెదకడానికి ఒకడుంటాడు. పేరు తెలిసినవానిని వర్షములో విడిచి వెళ్లడము కష్టము కనుక, సూపు వెనుక పడక రాక తప్పలేదు. 1971లో కార్క్ పట్టణములోను, అదే సంవత్సరము ఉత్తర ఐర్లాండులోని బెల్ఫాస్టులోను సైమన్ కమ్యూనిటీలు ఏర్పడ్డాయి. 1973లో డన్‌డాక్, 1979లో గాల్వే వాటితో చేరాయి.

ఈ ఆశ్రయములను నడిపినది పూర్తికాలపు స్వచ్ఛంద సేవకులు. చాలామంది ఇరువది, ముప్పది ఏండ్లవారు, కొందరు ఇతర దేశముల నుండి వచ్చినవారు. కొన్ని నెలలు, మహా అయితే ఒక సంవత్సరమో రెండో ఉండి వెళ్లేవారు. సాయంకాలము తలుపు తీయడము, వంట, పక్కలు పరచడము, మధ్యరాత్రి తగవులు తీర్చడము, జబ్బుపడినవానితో ఆసుపత్రికి వెళ్లడము, ఉదయము టీ. వ్రాయడానికి ఇందులో పెద్ద సంగతులేమీ లేవు. మన సంఘములలో మరణము జరిగిన ఇంట రాత్రంతా కూర్చొనే స్త్రీలకు ఈ పని ఎటువంటిదో తెలుసు.

ఇందులోని బలహీనతను కూడా చెప్పాలి. సేవకుడు నెలలు ఉంటాడు, నివాసి ఏండ్ల తరబడి ఉంటాడు. పదేండ్లు అక్కడ గడిపిన వృద్ధుడు ఎంతమంది యౌవనస్థులకు తన కథ మొదటి నుండి చెప్పియుంటాడు! ఒక్కొక్కరు ప్రేమతో వస్తారు, కన్నీళ్లతో సెలవు తీసుకొంటారు, మరియొకరు వస్తారు. సేవకునికి అది జీవితములో ఒక అనుభవము. వృద్ధునికి మరియొక వీడ్కోలు. దీనిలో ఎవరి దోషమూ లేదు. ఇష్టముతో వచ్చినవానికి ఇష్టముతో వెళ్లే హక్కు ఉంటుంది, స్వచ్ఛంద సేవ స్వభావమే అది. పడక మాత్రము రోజూ రాత్రి కావాలి. ఈ కారణము చేతనే తరువాతి దశాబ్దములలో జీతము తీసుకొనే శిక్షణ పొందిన ఉద్యోగులు సైమన్ ఆశ్రయములలోకి వచ్చారు, సేవకులు వారి ప్రక్కన నిలిచారు. తొలినాటి ఆత్మ పోయిందని కొందరు బాధపడతారు. ఔషధములు సమయానికి అందవలసిన రోగి పక్షమున ఆలోచిస్తే ఆ మార్పు మంచిదేనని మా అభిప్రాయము.

చట్టము దాకా

సైమన్ సేవకులలో కొందరికి త్వరలోనే మరియొక సంగతి అర్థమయింది. ఆశ్రయము ఎంత చక్కగా నడిస్తే పురపాలక సంఘము అంత నిశ్చింతగా ఉంటుంది. తలుపు మూల పడుకొన్నవానిని చూపి, సైమన్ వారున్నారు గదా అంటే చాలు. దయ ఒకరి చేతిలో ఉన్నంతకాలము బాధ్యత ఎవరి చేతిలోను లేదు.

బ్రిటనులో 1977లో నిరాశ్రయుల గృహవసతి చట్టము వచ్చింది. లిబరల్ పార్టీ సభ్యుడు స్టీఫెన్ రాస్ దానిని ప్రవేశపెట్టారు. స్థానిక ప్రభుత్వములకు అది నిజమైన బాధ్యతను అప్పగించింది. అయితే అది ముఖ్యముగా పిల్లలున్న కుటుంబములకు, గర్భవతులకు, వృద్ధులకు, బలహీనులకు. పనిచేయగల ఒంటరి మనిషి ఆ వరుసలో లేడు. వాలిచ్-క్లిఫర్డ్ కోర్టు బోనులో చూచినవారిలో ఎక్కువమంది అటువంటివారే.

ఐర్లాండులో కార్క్ సైమన్‌కు చెందిన బ్రెండన్ రయన్ 1981లో సెనెట్ సభ్యుడై, 1983లో నిరాశ్రయుల బిల్లును అక్కడ ప్రవేశపెట్టారు. ప్రభుత్వము తన సొంత బిల్లు తెస్తానన్నది. 1985లో తెచ్చినది పార్లమెంటు రద్దుతో మురిగిపోయింది. చివరకు 1988 గృహవసతి చట్టము ఆమోదము పొందింది. ఆ దేశ చట్టములలో నిరాశ్రయుడు ఎవరు అన్నదానికి మొదటి నిర్వచనము ఇందులోని రెండవ సెక్షనులో ఉన్నది. వేరే చోటు లేనందువలన ఆసుపత్రిలోనో, కౌంటీ హోములోనో, రాత్రి ఆశ్రయములోనో ఉంటున్నవాడు కూడా నిరాశ్రయుడే అని అది చెబుతుంది. రాత్రి ఆశ్రయము అన్న మాట చట్టములో అట్లే ఉన్నది. సైమన్ పక్కమీద పడుకొన్నవాడు ఇల్లు దొరికినవాడు కాడని ప్రభుత్వము చేత వ్రాయించగలగడము ఆ ఆశ్రయములు నడిపినవారికి చిన్న విజయము కాదు. తమ పని చాలదని తామే చట్టములోకి ఎక్కించిన సంస్థలు చరిత్రలో ఎన్ని ఉంటాయి?

అయితే ఆ చట్టము స్థానిక ప్రభుత్వములకు ఇల్లు ఇచ్చే, డబ్బు ఖర్చుపెట్టే అధికారము ఇచ్చింది గాని, ఇల్లు ఇచ్చి తీరవలెనని కట్టడి చేయలేదు. చేయవచ్చును అన్నది గాని చేయవలెను అనలేదు. ఇక్కడ మరల సీమోను దగ్గరకు వస్తాము. 1983లో కోరినది ప్రభుత్వపు భుజము మీద, దానికి ఇష్టమున్నా లేకున్నా, ఆ బరువు పెట్టమని. 1988లో దొరికినది ప్రభుత్వము కూడా ఒక స్వచ్ఛంద సేవకుడై ఉండవచ్చునన్న అనుమతి. అర్ధరాత్రి తలుపు కొట్టిన చప్పుడు విని లేచే విద్యార్థి, తన ఇష్టముతో వచ్చినవాడే అయినా, లేవకుండా ఉండలేడు. ఎవరిని ఎవరు వెట్టికి పట్టుకొన్నారో చెప్పడము కష్టము.

మన దేశములో ఈ సంగతి కోర్టుల ద్వారా వచ్చింది. 5 లక్షలకు మించిన జనాభాగల నగరములలో లక్షకు ఒకటి చొప్పున ఆశ్రయములు ఉండాలని 2010లో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించింది. 2011 జనాభా లెక్కలలో ఇల్లు లేనివారు దేశమంతటా 17.7 లక్షలు. ఆదేశము వేరు, ఆశ్రయపు తలుపు వేరు అని మన నగరములలో రాత్రివేళ బస్టాండు ప్రక్కగా నడచినవారికి తెలుసు. ఇది మరియొక వ్యాసానికి తగిన విషయము.

2014 డిసెంబరులో డబ్లిన్‌లో పార్లమెంటు భవనానికి కొద్ది అడుగుల దూరములో, ఒక తలుపు గుమ్మములో నిరాశ్రయుడొకడు చనిపోయి కనిపించాడు. దేశము ఉలిక్కిపడింది, మంత్రులు సమావేశమయ్యారు, క్రిస్మసు లోపల అదనపు పడకలు ఏర్పాటయ్యాయి. పడకలు పెరిగాయి, వాటి అవసరము అంతకంటె వేగముగా పెరిగింది. అద్దెలు కట్టలేని కుటుంబములు, పిల్లలతో సహా, ఆ వరుసలో చేరాయి. 2024లో ఐర్లాండులో అత్యవసర వసతిలో ఉన్నవారి సంఖ్య 14,000 దాటింది. ఆ లెక్కలు వెలువడిన నాటికి కూడా నిరాశ్రయుడెవరు అన్న నిర్వచనము 1988 నాటిదే.